నేతికుండలో సంగటిముద్ద

మిట్టేమరి గంగాధరప్పకు లోకంలో ఎవరిమీదా లేని గౌరవం డిటెక్టివ్ నవలల్లో దుర్మార్గుడిమీద ఉండేది. బాగేపల్లి సంతకు పోయినప్పుడల్లా ఒక నవల తెచ్చుకునేవాడు. ఆ ఊళ్ళో వాటిని పత్తేదారి పుస్తకాలంటారు. నేరస్థుణ్ణి పట్టుకునే పత్తేదారంటే మాత్రం ఆయనకు చులకన. "వాడు చేసేదేముండాది? ఆఖర్లో టోపీ పెట్టుకోని వస్తాడు. మొదట్నించీ బుర్ర వాడినోడు ఇంకొకడు గదా," అనేవాడు. అందుకే ఆఖరి అధ్యాయం రాగానే పుస్తకం మూసేసేవాడు. అంత తెలివిగలవాడికి సంకెళ్ళు పడటం ఆయన చూడలేడు.

ఈ చదువంతా పైకే సాగేది. అనపకాయల కాలం మరి. నానబెట్టిన గింజల్ని ఒక్కొక్కటే పితికి పప్పు తీయడానికి ఇంటిల్లిపాదీ చేట ముందు కూర్చోవాలి. గంగాధరప్ప గోళ్ళనొప్పి వంకపెట్టి తప్పించుకుని, బదులుగా నవల చదివి వినిపించేవాడు. భార్య మునిలక్ష్మమ్మా, సాయానికని కెంచార్లహళ్ళి నుంచి వచ్చి తలుపు చాటున కూర్చునే అత్త అంజనమ్మా చెవులు ఆయనకప్పగించి గింజలు పితికేవాళ్ళు.

చదివీ చదివీ అది ఒంటబట్టింది. ఒక కనుబొమ్మ పైకెత్తి, పెదవి ఒక పక్కకు లాగి నవ్వడం నేర్చాడు. పంటినొప్పేమోనని మునిలక్ష్మమ్మ లవంగం తెచ్చి ఇచ్చింది.

దుర్మార్గుడన్నాక ఒక పథకం ఉండాలి. వెతుకుతుంటే ఉట్టిమీద నేతికుండ కనబడింది. అంజనమ్మ ఊరినుంచి తెచ్చిన ఆవునెయ్యి అది. ఆదివారం కొడుకు చెన్నరాయప్ప పెళ్ళాంబిడ్డలతో వస్తాడని, ఒబ్బట్లకోసం దాచింది. బావమరిదికి కుండెడు, తనకు గరిటె వెనక అంటినంత. ఈ అన్యాయానికి కోర్టు అక్కర్లేదు, బుర్ర చాలనుకున్నాడు గంగాధరప్ప.

చలికి నెయ్యి గట్టిగా పేరుకుని ఉంది. ఆడవాళ్ళు కాయలు కోయడానికి చేనికి పోగానే, పైపొరను రొట్టెలా లేపి పక్కన పెట్టి, కింది నెయ్యి తిన్నాడు. ఖాళీ తెలియకూడదు గదా, ఆ గుంటలో రాగి సంగటిముద్ద ఒకటి అదిమి, పైపొరను మూతలా కప్పేశాడు. కుండ బరువు తగ్గలేదు, అంచు చెదరలేదు. రోజూ ఇంతింత తినగా, వారం తిరిగేసరికి ఆ మూత తప్ప నెయ్యన్నదే మిగల్లేదు. ఇంత గొప్ప పని చేసి ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఒక్కటే ఆయనకు బాధ.

ఆదివారం చెన్నరాయప్ప ఆకు ముందు కూర్చున్నాడు. మునిలక్ష్మమ్మ కుండలో గరిటె వేసి లాగితే సంగటి వచ్చింది. అదేదో కొత్త మర్యాద కాబోలనుకుని చెన్నరాయప్ప ఒబ్బట్టుతో నంజుకోబోయాడు.

నవల్లో అయితే ఇక్కడ నింద ఒక అమాయకుడి మీద పడుతుంది. గంగాధరప్ప గొంతు పెంచి మరీ చదివే ఘట్టం అదే. ఇక్కడా పడింది. సంగటి కెలికేదీ, కుండకు కాపలా ఉన్నదీ అంజనమ్మే. చూపు మందగించిన ఆ ముసలమ్మ ముద్దను చేత్తో తడిమి చూసి, ఎవరూ ఏమీ అనకముందే ఒప్పేసుకుంది.

"నేనే పెట్టింటానమ్మా. నాకు మతి పోతాండాది."

తన తల్లికీ ఈ వయసులోనే మొదలైందట. ఇంక పొయ్యి దగ్గర తనను నమ్మొద్దని, కొడుకుతోపాటే ఊరికి పోతానని లోపలికి పోయి చీరలు మూట కట్టుకుంది.

గంగాధరప్ప తుంచిన ఒబ్బట్టు ఆకులోనే పెట్టేశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఎదురుగా బావమరిది ఉన్నాడు. మూసేశాడు. ఇట్లాంటప్పుడు దుర్మార్గుడేం చేయాలో ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ రాయలేదు. సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేక దూలాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

మునిలక్ష్మమ్మ మాత్రం గరిటె కింద పెట్టలేదు.

"అమ్మ పని కాదిది. ఎవుడో దొంగ పని. అదీ బుర్రలేని దొంగ," అంది.

గంగాధరప్ప కదిలాడు. "బుర్రలేదని ఎట్ల చెప్తావు?"

"నేతిలో ఎవుడన్నా సంగటి పెడతాడా? పులిసి వాసన కొట్టదా? పిల్లికుండే తెలివి కూడా లేదు వానికి."

పిల్లి మాట ఆయన భరించలేకపోయాడు. కనుబొమ్మ దానంతటదే పైకి లేచింది.

"యాడ పులుస్తాది? దినామూ పాతది తీసి కొత్తది పెడతాంటిని గదా."

మునిలక్ష్మమ్మ గరిటె కిందపెట్టింది.

తలుపు వెనక మూట పట్టుకుని అంజనమ్మ నిలబడి ఉంది. అల్లుడితో ఎదురుపడి మాట్లాడే వాడుక ఆమెకు లేదు. ఏదైనా కూతురితోనే చెప్పేది.

"అయితే నా మతి బాగుండాదన్నమాట," అని కళ్ళు తుడుచుకుంది. మూట దించి, "అల్లునికి నెయ్యంటే ఇంత ఇష్టమని చెప్పకపోతివే. ఇంకో కుండ తెస్తాంటిని గదమ్మా," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. గంగాధరప్ప ఆకు ముందునుంచి లేవలేక, కూర్చోలేక, తల వంచుకుని ఉండిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆయనే వచ్చి చేట ముందు కూర్చున్నాడు. గోళ్ళనొప్పి సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. గింజలన్నీ పితికాక, ఆ పుస్తకం ఆఖరు తానెప్పుడూ వినలేదని అంజనమ్మ కూతురితో అనిపించింది. చదవక తప్పలేదు. టోపీ వచ్చింది, పోలీసులొచ్చారు, సంకెళ్ళు పడ్డాయి. చదివేకొద్దీ ఆయన గొంతు సన్నబడిపోయింది.

"అంత తెలివైనోడు ఎట్ల దొరికినాడో అడగమ్మా," అంది అంజనమ్మ తలుపు వెనకనుంచి, నిజంగానే అర్థం కాక.

మునిలక్ష్మమ్మ అడగలేదు. మొగుడి వైపు చూసింది.

గంగాధరప్ప పుస్తకంలోంచి తలెత్తలేదు.

"వాడే చెప్పుకున్న్యాడు," అన్నాడు.