ఎడమవైపు పై కోరపన్ను

ఆ రోజు మూడు కట్టుడుపళ్ల సెట్లు పూర్తిచేసి మధ్యాహ్నానికల్లా డాక్టరు చేతిలో పెట్టేయాలనుకున్నాడు పళ్లాయన. పళ్ల ఆస్పత్రిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. కానీ తెల్లవారుజామున కలలో ఆయనకి ఒక పన్ను ఊడింది. ఇంకొకరైతే పన్ను ఊడిందనుకుని ఊరుకునేవారు. ఈయనది ముప్ఫై ఏళ్ల అనుభవం. అది ఎడమవైపు పై కోరపన్నని నిద్రలోనే పోల్చుకున్నాడు.

పనిలోకి రాగానే నర్సు దగ్గర ఆ మాట ఎత్తాడు. దేశదేశాల కలల గురించిన పుస్తకం ఒకటి ఆవిడ సొరుగులో ఉంటుంది.

"చైనావాళ్లలో అబద్ధమాడిన వాళ్లకి పళ్లూడినట్టు కలొస్తుందట."

"నేనేం అబద్ధమాడాను?"

"సెట్లు అయిపోవచ్చాయని నిన్న డాక్టరుగారితో అన్నారుగా."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ పేజీ తిప్పింది. "అరబ్బుల్లో పళ్లంటే చుట్టాలట. పాత గ్రీకుల్లో నోరంటే ఇల్లు. పై పళ్లు పెద్దవాళ్లు, ఎడమవైపువి ఆడవాళ్లు."

పళ్లాయన చేతిలోని మైనం జారిపోయింది. ఆయనకి పెద్దదిక్కయిన ఆడమనిషి అక్క ఒక్కతే. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది. ఆ అక్కతో రెండేళ్లుగా మాటల్లేవు. మేనకోడలి పెళ్లి భోజనాల దగ్గర బావ, ఈయన చేసిచ్చిన పళ్లు టకటకలాడుతున్నాయని నలుగురిలో అనేశాడు. సరిచేస్తానని ఈయన అక్కడికక్కడే అడిగి పుచ్చుకుని, జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు. కూతురి పెళ్లిలో బావ మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడు.

అక్కకి ఫోన్ చేసే మొహం లేక మేనకోడలికి చేశాడు.

"అమ్మ బాగుందా?"

"బాగుంది మావయ్యా. ఏమైంది?"

"ఏం లేదమ్మా. ఒకసారి చూడాలనిపించింది." గొంతు పూడుకుపోయి పెట్టేశాడు.

రెండేళ్లు పలకని మనిషి ఏడుపు గొంతుతో అలా అన్నాడంటే ఏమనుకోవాలి? మావయ్యకి ఒంట్లో బాలేదని ఆ పిల్ల అత్తగారితో అంది. అత్తగారి నోట్లో అది ఆస్పత్రిలో ఉన్నాడట అయింది. అందులో అబద్ధమేమీ లేదు. బావ కంగారుగా ఫోన్ చేస్తే నర్సు ఎత్తి, "పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదండీ" అంది. మూడింటికల్లా పద్నాలుగుమంది ఆస్పత్రి వరండాలో దిగారు. అందరికంటే ముందు బావ, పళ్లబుట్టతో, కళ్లు తుడుచుకుంటూ. చేతులనిండా సుద్దతో నడిచొచ్చిన పళ్లాయన్ని చూసి ఒకావిడ ఏడుపు సగంలో ఆపేసింది.

"నీకేం కాలేదా?" అన్నాడు బావ, కాస్త నిష్ఠూరంగా.

"లేదు బావా."

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది. మనిషి సగమైపోయింది. కల సంగతి చెప్పి నవ్వించబోతుంటే ఆవిడే అంది.

"నీకెవరు చెప్పార్రా?"

"ఏం చెప్పడం?"

"రిపోర్టు మొన్ననే వచ్చింది. మీ బావకి కూడా చెప్పలేదు. మహా అయితే ఆర్నెల్లు అన్నారు."

పళ్లాయన స్టూలు మీద కూలబడి, "రెండేళ్లు పాడుచేశానే అక్కా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ అతని చెంపమీది సుద్ద అరచేత్తో తుడిచింది.

"మెల్లగా. బయట వింటారు. నేను చెప్పేదాకా ఎవరితోనూ అనకు."

మొహం కడుక్కుని బయటికొచ్చి, ఇదంతా ఒక పిచ్చికల వల్ల వచ్చిన గొడవని చెప్పాడు. బావ కడుపారా తిట్టి, ఆ తర్వాత కడుపుబ్బ నవ్వి, బుట్టలో పళ్లు అందరికీ పంచాడు.

ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్నారని తేలడంతో చుట్టాలందరూ నిశ్చింతగా ఇళ్లకి వెళ్లిపోయారు.