ధనియాల చేలో కొత్త ఈగ

శనివారం పొద్దున సలోమి వేసుకున్న పథకం చిన్నదే. నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాలి, చిన్నాయన యేసుదాసు ధనియాల చేలో ఒక మగ ఈగను పట్టాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. కాలేజీలో జువాలజీ చెప్పే ఆమెకు పోయిన వారం అదే చేలో ఒక ఆడ పూల ఈగ దొరికింది. తేనెటీగలా చారలున్నా కుట్టదు. గాలిలో ఒకేచోట నిలబడి ఎగురుతుంది. ఫోటోలు చూసిన కలకత్తా నిపుణుడు, ఈ జాతి మన దేశంలో ఇంతవరకు నమోదు కాలేదనీ, మగది కూడా దొరికితేనే ఖాయంగా చెప్పగలననీ అన్నాడు. పన్నెండేళ్ల ఈగల వేటలో సలోమికి ఇంతటి మాట వినడం ఇదే మొదలు.

"మగదని యెట్ల తెలుస్తాదమ్మా?" అన్నాడు యేసుదాసు.

"దాని రెండు కండ్లూ నెత్తిమీద కలిసి ఉంటాయి, చిన్నాయనా."

"మగోళ్లకు కండ్లు నెత్తికెక్కేది ఈగల్లో గూడా ఉండాదా?"

ఆ రోజు గాలి ఎక్కువై ఒక్క ఈగా వాలలేదు. వచ్చే శనివారం వస్తానని చెప్పి సలోమి బస్సెక్కింది. యేసుదాసు మాత్రం తన చేలో కొత్త ఈగ దొరికిందన్న సంతోషాన్ని దాచుకోలేక పురుగుమందుల దుకాణానికి పోయాడు.

"మా సలోమి కనిపెట్టిందప్పా! ఇండియాలో యాడా లేని ఈగ నా చేన్లో ఉండాది!"

దుకాణదారు దినేశ్ లేచి నిలబడ్డాడు. "యాడా లేదంటే... బయట దేశం నుంచి వచ్చిందా?"

"వచ్చే ఉంటాది."

సాయంత్రానికి దినేశ్ రైతుల వాట్సాప్ గ్రూపులో 'విదేశీ ఈగ చొరబాటు' అని పెట్టాడు. కింద ఒక మందు డబ్బా బొమ్మ కూడా పెట్టాడు. మర్నాడు ఒక విలేకరి సలోమికి ఫోన్ చేశాడు.

"భయపడాల్సిన పని లేదండీ. దాని పిల్ల పురుగు, పైరు రసం పీల్చే పేనుబంకను తింటుంది. పైరుకు మేలు," అందామె.

'తింటుంది' అన్నంతవరకు అతనికి బాగా వినిపించింది. 'పైరును తినే ఈగ: హెచ్చరించిన లెక్చరర్' అని బుధవారం పేపర్లో పడింది. గురువారం వ్యవసాయాధికారి సుబ్బరాయుడు నిర్మూలన కమిటీ వేసి, సలోమికి చెప్పకుండానే ఆమెను అధ్యక్షురాలిని చేశాడు.

శనివారం ఆమె బస్సు దిగేసరికి చేను చుట్టూ జనం. ఆరుగురు వీపున పంపులతో వరుసగా మందు కొడుతున్నారు. ఘాటుకు కళ్లు మండాయి.

"ఆపండి! అది మంచి ఈగ సార్!"

"మీరేం దిగులు పడొద్దు మేడమ్. ఒక్కటి గూడా మిగల్లేదు," అన్నాడు సుబ్బరాయుడు, ఆమె మెడలో దండ వేస్తూ.

గట్టున కూర్చున్న యేసుదాసు తలెత్తలేదు. "నా నోరు ఊరకుండలేదు తల్లీ. వద్దంటే వీళ్లు వినలేదు. పైనుంచి ఆర్డరంట."

ముక్కుకు చున్నీ కట్టుకుని, సలోమి చేలో మోకాళ్ల మీద కూర్చుంది. తెల్లటి పూల కింద తడిమట్టిలో ఈగలు రాలి ఉన్నాయి. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి భూతద్దం కింద పెట్టింది. ఆడది. ఆడది. ఇంకొకటీ ఆడదే. తర్వాతి దానికి కళ్లు రెండూ నెత్తిన కలిసి ఉన్నాయి. గంటసేపు ఏరితే అలాంటివి నాలుగు తేలాయి.

"మేడమ్ శవాలు లెక్కపెడతాండాది, బేగా వీడియో తీయప్పా!" అని వెనుకనుంచి ఎవరో అరిచారు.

అవి అందుకున్న కలకత్తా నిపుణుడు పొంగిపోయాడు. వలతో నెల రోజులు తిరిగినా ఇన్ని నమూనాలు దొరకవన్నాడు. అటు నెల తిరక్కుండానే యేసుదాసు చేను పేనుబంకతో జిడ్డుగా మెరిసింది. దినేశ్ దానికి వేరే మందు తెప్పించాడు.

ఎండాకాలంలో శాస్త్ర పత్రిక వచ్చింది. ఆళ్లగడ్డలో దొరికిన ఈ ఈగ భారతదేశానికి కొత్తదని సలోమి పేరుతో అచ్చయింది. అదే వారం ఒక సభలో కమిటీ ఆమెకు శాలువా కప్పి జ్ఞాపిక ఇచ్చింది. దాని మీద 'విదేశీ ఈగను సమూలంగా నిర్మూలించిన శ్రీమతి సలోమి గారికి' అని బంగారు అక్షరాలు చెక్కారు.

కాలేజీ వార్షిక నివేదికలో ప్రిన్సిపాల్ రెండింటినీ వేర్వేరు విజయాలుగా నమోదు చేశాడు.