మావ మీద దొంగతనం కేసు

లా మొదటి ఏడాది చదువుతున్న సూర్యకళ ఆ ఉదయం అనుకున్నది ఒక్కటే: మధ్యాహ్నంలోగా దొంగతనం పాఠం పూర్తిచేయాలి. కిందటిసారి రంగు పెన్నులతో నోట్సంతా అందంగా ఎత్తిరాసుకుని, పరీక్ష తప్పింది. ఈసారి పద్ధతి మార్చింది. పాఠం చదివి, పుస్తకం మూసేసి, తెలిసినవాళ్లను కేసులో పెట్టి సొంతమాటల్లో ఫోనులో చెప్పుకుంటుంది. తర్వాత విని, తప్పులు దిద్దుకుంటుంది.

ఆ రికార్డింగు తనకే పంపుకోబోయి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడేసింది. చూసుకోకుండానే ఫోను ఆపేసి, మిగతా పాఠం కోసం డాబా ఎక్కింది.

"ఎల్లారావు మావ మా నాన్న వల ఎత్తుకుపోనాడు. అడగనేదు, సెప్పనేదు." అందులో ఉన్నది అంతే.

జాలారిపేట ఒడ్డున పడవ కడుగుతున్న ఆమె తండ్రి సింహాద్రి, ఫోనులో కూతురి గొంతు విన్నాడు. చూస్తే, ఆరేసిన వల నిజంగానే లేదు. తిన్నగా బావమరిది ఎల్లారావు ఇంటికి వెళ్లాడు.

"నా వలేది బావా?"

"నీ వల నాకెందుకు బావా?"

"నా కూతురు అబద్దమాడదు!"

వీధి చివరికి చేరేసరికి ఆ వల ఇంజనైంది. పక్క వీధిలో పడవే అయింది. సింహాద్రి భార్య సీతాలు పరుగున వచ్చి, "మా అన్న దొంగేటి?" అంటూ మొగుడి మీదే విరుచుకుపడింది. పోలీసుల దాకా వెళ్దామని ఎవరో అన్నారు.

గోల విని సూర్యకళ దిగివచ్చింది. సంగతి తెలిసి తల పట్టుకుంది.

"అది నా పరీక్ష కేసు నాన్నా! మావ తనదే అనుకుని తీసాడనుకో. మోసబుద్ధి నేదు. అప్పుడది దొంగతనం కాదు."

"ఆరేసిన వలా? అది బాగుసెయ్యమని వలలల్లేవోడికి నానే ఇచ్చాను కదా!" అంది సీతాలు.

కోపాలు దిగాయి గానీ జనం కదల్లేదు. తెలిసి తీస్తేనో? తాగి తీస్తేనో? సూర్యకళ పుస్తకం ముట్టకుండా ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. తడబడిన చోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ సరిగ్గా చెప్పింది. సింహాద్రి నోరు తెరుచుకుని వింటూ నిలబడ్డాడు. చివరికి బావమరిది చేతులు పట్టుకున్నాడు.

"తప్పయిపోనాది బావా."

ఎల్లారావు తల దించుకున్నాడు. "వల కాదు బావా. మొన్న పోయిన నీ సేపల ఐసుపెట్టె... అది నానే తీసాను."

అందరూ సూర్యకళ వైపు తిరిగారు.

"తెలిసే తీసావా మావా?"

"తెలిసే."

"అయితే అది దొంగతనమే," అంది సూర్యకళ.

మేనమామని కూడా వదల్లేదని సింహాద్రి పేటంతా చెప్పుకుని మురిసిపోయాడు. ఎల్లారావు ఐసుపెట్టె కడిగి తెచ్చి ఇచ్చాడు. సూర్యకళ ఆ పరీక్షలో క్లాసు ఫస్టు వచ్చింది.

తర్వాతి పాఠం హత్య. చచ్చేవాడి వేషానికి చుట్టాల్లో ఎవరూ ఒప్పుకోలేదు గానీ, చంపేవాడి వేషానికి మాత్రం పోటీ పడ్డారు.