బీరువా పట్టే ఇల్లు

ఆదివారం పొద్దున తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజరు ఎక్కేటప్పుడు టైలర్ జమాలుద్దీన్ జేబులో టేపు, ఎర్ర సుద్దబిళ్ల, భార్య ఖైరున్నీసా ఇచ్చిన చీటీ ఉన్నాయి. చీటీలో ఒక్క ముక్కే ఉంది: నాలుగడుగులు.

అది ఆమెకు తల్లి ఇచ్చిన టేకు బీరువా వెడల్పు. లోతూ దాదాపు అంతే, పక్కకు తిప్పినా లాభం లేదు. ఊడదీయడానికి వీల్లేని పాతకాలపు పని. ఇరవై ఆరేళ్ల కాపురంలో తొమ్మిది అద్దె ఇళ్లు మారారు. అందులో ఐదిళ్లలో బీరువా గుమ్మం దాటలేదు. ఇప్పుడు కూడా వరండాలోనే, వాన పడితే టార్పాలిన్ పట్టా కప్పుకొని నిలబడి ఉంటోంది.

"నాకు మేడలొద్దు. బీరువా లోపలికెళ్లే ఇల్లు చూడండి, చాలు," అంది ఖైరున్నీసా.

"నువ్వూ రా. ఇద్దరం చూద్దాం."

"నేన్రాను. చూస్తే మనసు పడతాను. దక్కకపోతే మళ్లీ నన్ను మీరే ఊరుకోబెట్టాలి."

ఆ భయానికి కారణం లేకపోలేదు. రేపల్లెలో చెరువు పక్కన ఉన్న ఆ పెంకుటిల్లు రిటైరైన స్వర్ణలత టీచరుది. ఆవిడ ఇల్లు అమ్మేసి బాపట్లలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నారు. గుంటూరు నుంచి రాజీవ్ అనే డాక్టరు కూడా ఆ ఇల్లే అడిగాడు. ఇంకాస్త ఎక్కువకే అడిగాడు. "ఆయన పదకొండింటికి వస్తున్నాడు బాబూ. ఆయన వద్దంటే నీకే," అని టీచరు ఫోన్లో ఖరాఖండిగా చెప్పారు.

జమాలుద్దీన్ తొమ్మిదిన్నరకే చేరాడు. టీచరు ఇంకా చర్చి నుంచి రాలేదు. ఇల్లు చూడగానే ప్రాణం లేచొచ్చింది. వెనక చెరువు, ముందు వేపచెట్టు, రెండు రెక్కల వెడల్పాటి గుమ్మం. అడ్డమల్లా మనిషెత్తు ప్రహరీ, దానికున్న ఇరుకు గేటు. టేపు పెట్టి చూశాడు. సరిగ్గా మూడడుగులు. బీరువా పట్టాలంటే గోడ ఒక అడుగు పగలగొట్టాలి. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి జేబులోకి పోయింది. గేటు అంచు నుంచి అడుగు కొలిచి, నిలువునా ఎర్రగీత గీసి, గుడ్డ కత్తిరించే చోట పెట్టినట్టే దాని పక్కన ఇంటూ మార్కు పెట్టాడు.

ఆ వీధిలో చెయ్యకూడని పని ఏదైనా ఉందంటే అదే. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత, మెరకగా ఉందని జనం చెరువుకట్ట మీద ఇళ్లు కట్టుకున్నారు. ఇళ్ల పట్టాలు రావడానికి పదిహేనేళ్లు పట్టింది. కట్ట కొలుస్తారు, ఇళ్లు కొట్టేస్తారు అనే మాట ఏడాదికోసారి వస్తుంది, పోతుంది. ఇస్త్రీ చొక్కా, చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు ఉన్న మనిషి అక్కడ కనపడితే పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ చూసుకోరు.

ఎదురింటి నరసింహారావు పేపరు పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "ఎంత పోతుందండి?"

"ఒక అడుగండి. పగలగొట్టక తప్పదు."

"ఎప్పుడు?"

"అంతా కుదిరితే వచ్చే నెల్లోనే. ఇవాళ టీచరుగారితో మాట్లాడేస్తాను."

నరసింహారావు పేపరు అక్కడే పడేసి పక్కింటికి పరుగెత్తాడు. జమాలుద్దీన్ చెరువు చూడ్డానికి వెళ్లి వచ్చేసరికి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. పక్కింటి భువనేశ్వరి పళ్లెంతో ఎదురొచ్చింది.

"టిఫిన్ చేశారా అన్నయ్యగారూ? వేడివేడి పెసరట్టండి."

ఇంకెవరో కొల్లూరు అరటిపళ్ల అత్తం తెచ్చి చేతిలో పెట్టారు. జమాలుద్దీన్ గుండె కరిగిపోయింది. పక్కకొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఖైరూ, ఇలాంటి వీధి నేనెక్కడా చూళ్లేదు. కొనకముందే పెసరట్లు పెడుతున్నారు!"

"ఊరికే ఎందుకు పెడతారండి? ఏం చేశారు మీరు?"

"ఏం చెయ్యలేదే! గేటు కొలిచాను, అంతే."

భువనేశ్వరి చేతులు నలుపుకుంటూ వచ్చింది. "మా వరండా కూడా ఒక్కసారి చూసి పెట్టరూ?"

తను టైలరని టీచరు చెప్పి ఉంటారు, కర్టెన్ కుట్టించుకుంటుంది కాబోలు అనుకున్నాడు జమాలుద్దీన్. శ్రద్ధగా కొలిచాడు. "నాలుగడుగులు పడుతుందమ్మా."

"అంతొద్దండి! మా అత్తగారి మంచం అక్కడే. కొంచెం తగ్గించండి అన్నయ్యగారూ."

"సరేనమ్మా, రెండు చాల్లే."

అతను గోడ మీద గీత గీస్తుంటే భువనేశ్వరి కళ్లు తుడుచుకుంది. కర్టెన్ కోసం ఏడ్చిన మనిషిని జమాలుద్దీన్ తన సర్వీసులో చూడలేదు.

"మరి మాకండీ?" నరసింహారావు ముందుకొచ్చాడు.

"మీరెంతంటే అంతేనండి."

"ఒకటిన్నర?"

"ఒకటిన్నరే," అని జమాలుద్దీన్ ఎదురింటి గోడ మీదా గీత గీశాడు.

"దేవుడండీ మీరు," అని నరసింహారావు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

సరిగ్గా పదకొండింటికి వీధి మొదట్లో కారు ఆగింది. డాక్టర్ రాజీవ్ అద్దం దించాడు. "ఏంటీ గుంపు?"

"కట్ట మీది ఇళ్లు కొట్టేస్తారటండి. అదిగో, ఆ సారే మార్కింగు ఇస్తున్నారు," అన్నారెవరో.

అద్దం పైకి లేచింది. కారు వెనక్కి వెనక్కే మెయిన్ రోడ్డు దాకా పోయింది.

ఆ కారుకు ఎదురుగా, చేతిలో బైబిలుతో టీచరు నడిచొచ్చారు. దారిలోనే ఎవరో అంతా చెప్పేశారు. గోడ మీది ఎర్రగీత చూసి అరుగు మీద కూలబడ్డారు. జమాలుద్దీన్ దగ్గరికెళ్లి పేరు చెప్పాడు.

"నువ్వేనా తెనాలి టైలరువి? వెళ్లిపో నాయనా. ఈ ఇల్లు నీకు అమ్మను."

"అదేంటమ్మా?"

"పొద్దున మున్సిపాలిటీ వాళ్లొచ్చి గోడకి మార్కు పెట్టారట. డాక్టరు పారిపోయాడు. కూలిపోయే ఇల్లు నీ నెత్తిన పెట్టి, వచ్చే ఆదివారం ఏ మొహంతో ప్రార్థనకి వెళ్లను?"

పెసరట్లు ఎందుకు పెట్టారో జమాలుద్దీన్‌కు అప్పుడర్థమైంది. వీధంతా తననే చూస్తోంది. డాక్టరు వెళ్లిపోయాడు. తను నోరు మెదపకుండా, "పర్లేదమ్మా, నేనే తీసుకుంటా" అంటే చాలు. సుద్దగీత ఒక్క వానకు పోతుంది. తెరిచిన కిటికీలోంచి ముందుగది కనబడింది. ఉత్తరపు గోడకు బీరువా ఆనించినట్టే అనిపించింది. దాని పక్కన ఖైరున్నీసా.

ఆమె ఊరుకుంటుందా? బీరువా లోపలికి ఎలా వచ్చిందో అడగకుండా ఉంటుందా?

జేబులోంచి సుద్దబిళ్ల తీసి టీచరు చేతిలో పెట్టాడు. "మున్సిపాలిటీ కాదమ్మా. నేనే. మా బీరువా పడుతుందో లేదోనని కొలిచాను."

గుంపు దగ్గరికి జరిగింది.

"అయితే మా వరండా?" అంది భువనేశ్వరి.

"కర్టెన్ కోసమనుకున్నానమ్మా."

"అమ్మో! మూడు పెసరట్లు తిన్నావు కదయ్యా!"

"దేవుడన్నాను ఇతన్ని!" అని నరసింహారావు తల పట్టుకున్నాడు.

తిట్లు సద్దుమణిగాక జమాలుద్దీన్ మెల్లగా అన్నాడు: "డాక్టరుగారికి ఫోన్ చెయ్యండమ్మా. ఉన్నది చెప్పండి."

టీచరు చేశారు. స్పీకర్లో డాక్టరు గొంతు అందరికీ వినబడింది. "ఇల్లు అమ్ముడుపోవాలంటే ఎన్నైనా చెబుతారు మేడమ్. వీధంతా ఒకే మాట చెప్పింది. నన్నొదిలెయ్యండి."

టీచరు ఫోను పెట్టేసి, సుద్దబిళ్లను వేళ్ల మధ్య కాసేపు తిప్పారు. ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు అవి.

"బీరువా ఎంత వెడల్పు?"

"నాలుగడుగులండి."

"గేటు?"

"మూడు."

"అయితే గోడ పగలగొట్టాల్సిందేగా?"

"అవునమ్మా. మీరు ఒప్పుకుంటేనే."

"నన్నెందుకు అడగటం? నీ గోడ, నీ ఇష్టం."

జమాలుద్దీన్ వెంటనే ఖైరున్నీసాకు ఫోన్ చేసి, "బీరువా మీది పట్టా తీసెయ్యి," అన్నాడు.  అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

తర్వాతి నెలలో బీరువా వ్యానులో వచ్చింది. ఇళ్లు కూలుస్తారని వణికిపోయిన వీధే పలుగులు పట్టుకొచ్చి, ఎర్రగీత దగ్గర కచ్చితంగా ఒక అడుగు గోడ కూల్చింది. ఖైరున్నీసా బీరువా మీద చెయ్యి తియ్యకుండా దానితోపాటే గుమ్మం దాటింది. భువనేశ్వరి వరండాకు పూల కర్టెన్ వచ్చింది, మూడు పెసరట్ల కింద చెల్లు.

నరసింహారావు మాత్రం తన గోడ మీది గీతను తుడవలేదు సరికదా, వానకు పోకుండా దాని మీద రంగు వేయించాడు. రేపు నిజంగా ఎవరైనా కొలవడానికి వస్తే, ఒకటిన్నరకు ఆల్రెడీ ఖాయమైందని చెబుతాడట.