నిమిషానికి అరవై

ఆ ఆదివారం పొద్దున గడియారాలు బాగుచేసే ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం కూతురి పార్టీలో పాటలు ఆగకుండా, ఒకదాంట్లోంచి ఒకటి రావాలి. అందుకు తేలికపాటి సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి.

"నీకెందుకు నాన్నా ఈ తలనొప్పి? ఎవరో ఒకరు చూసుకుంటారులే."

"ఎవరో ఒకరెవరమ్మా? ఈ ఇంట్లో ఉన్నదే ఇద్దరం."

తల్లి పోయిన ఈ మూడేళ్లలో ఆ ఇంట్లో పాట వినపడలేదు. కూతురికిప్పుడు వేరే దిగులు. నెలక్రితం ఆఫీసులో ఆమె సెక్షన్‌కి అధికారి అయింది. ఆ రోజునుంచి కింద పనిచేసే పదకొండు మందీ పనికి మించి ఒక్క మాట ఆడటం లేదు. ఆ కుర్చీ తనదే అనుకున్న సీనియర్ పని మాటలు కూడా చీటీ రాసి పంపుతున్నాడు. వాళ్లందరినీ పిలిచిన ఈ పార్టీతోనైనా నోరు విప్పకపోతే బదిలీ అడుక్కోవాలని ఆమె నిశ్చయం.

బావమరిది ఫోన్లో మూడు సాఫ్ట్‌వేర్‌లు చెప్పాడు. కంప్యూటర్లో మొదటిది తెరిస్తే తెరనిండా మీటలు. "ఇది పాటలకా, విమానానికా?" అన్నాడాయన. రెండోది పుట్టిన తేదీ అడిగింది. మూసేశాడు. మూడోదానికి ఒకటే మీట: 'కలుపు'.

"నీ బుర్రకి అది చాలు బావా."

"ఈ బుర్రతోనే నలభై ఏళ్లు ఊరందరికీ టైము నడిపించాను. పెట్టెయ్ ఫోను!"

పరీక్షించనిదే ఆయన దేన్నీ నమ్మడు. బాగుచేసిన ప్రతి గోడగడియారం చప్పుడూ ఫోనులో రికార్డు చేసి, నడుస్తోందనడానికి సాక్ష్యంగా సొంతదారుకి పంపుతాడు. అలాంటిదొకటి ముందుగా ఎక్కించి విన్నాడు. టిక్కు, టిక్కు. బాగానే పలికింది. దాని శబ్దం తగ్గించి, కింద ముప్ఫై పాటలూ చేర్చి మీట నొక్కాడు. ఆ గడియారాన్ని తీసెయ్యాలని తోచలేదు.

సాయంత్రం పదకొండు మందీ వచ్చి గోడవారగా కూర్చున్నారు. గంతులెయ్యాల్సిన పాట కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.

"స్పీకర్ పోయింది" అన్నాడొక గుమస్తా. కింది వాటా ఆయన్ని బతిమాలి ఆయన స్పీకర్ తెచ్చారు. దాని వెంట ఆయనా వచ్చాడు. అందులోనూ అదే ఈడుపు. "ఇందాకటిదాకా నిక్షేపంలా ఉందండీ! ఏం చేశారు?" అంటూ ఆయన స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పసాగాడు. "కరెంటు తక్కువుంది" అని ఒకరు ఫ్యాన్లు ఆపారు, మరొకరు దీపాలు తగ్గించారు. ఉక్కలో, సగం చీకట్లో, పాట మూలుగుతోంది.

కూతురు వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. "నాన్నా, నా పరువు తీశావు."

ఆయన కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు. వరసలో అన్నిటికన్నా ముందు గడియారం. నిమిషానికి అరవై టిక్కులు. సాఫ్ట్‌వేర్ మొదటిదాని నడకకే పాటలన్నిటినీ దించేసింది. దాన్ని తీసేశాడు. పాట పరుగందుకుంది.

"అయ్యో, ఎందుకు మార్చారు?"

అరిచింది సీనియర్. మోకాళ్ల నొప్పుల మనిషి, గది మధ్యలో ఒక చెయ్యెత్తి ఆగిపోయి ఉన్నాడు. వెనక మిగతా పదిమందీ అడుగు మధ్యలోనే. "ఇన్నాళ్లకి నా కాళ్లకి అందే పాట వచ్చిందనుకున్నానండీ!"

గడియారాన్ని మళ్లీ ఎక్కించక తప్పలేదు. ఆ పాటల్లో మాటలు కూడా ఉన్నాయని చాలామందికి ఆ సాయంత్రమే తెలిసింది.

మర్నాడు ఆఫీసులో పదకొండు మందీ ఒక్కొక్కరే ఆమె బల్ల దగ్గరికి వచ్చి, నవ్వుతూ పలకరించారు. "మీ నాన్నగారు బాగున్నారా మేడమ్?"

ఆమె ఎలా ఉందో అడిగే తీరిక ఇంకా ఎవరికీ దొరకలేదు.