మోటారు పెట్టెకు ఒక కాన్ఫరెన్సు

టెక్నాలజీ కాన్ఫరెన్సులు దండగ అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. వాటివల్ల దేశానికి ఏం ఒరిగిందో నాకు తెలియదు. తిరుత్తణి పక్క పల్లెలో ఆదికేశవులు ఇంటికి మాత్రం చాలా ఒరిగింది.

ఆయన దూడ మెడలో, కాన్ఫరెన్సుల్లో మెడకు వేసే నీలం రంగు పట్టీ తాడు ఉంది. దాని మీద ఇంగ్లీషులో 'స్పీకర్' అని ఉంటుంది. చింతపండు ఒక కాన్ఫరెన్సు సంచిలో, మిరపకాయలు ఇంకో కాన్ఫరెన్సు సంచిలో ఉంటాయి. వంకాయ తోటలో దిష్టిబొమ్మ తొడుక్కున్న టీషర్టు మీద కృత్రిమ మేధ గురించి నాలుగు వాక్యాలున్నాయి. పిట్టలు చదివాయో ఏమో, రావడం మానేశాయి. మీ దిష్టిబొమ్మకు ఇంత చదువుందా?

ఇదంతా మేనల్లుడు హర్షవర్ధన్ పుణ్యం. తిరువళ్ళూరులో కాపురం, చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళ కిందట మామ మోకాళ్ళ నొప్పి చూడలేక ఒక పెట్టె తయారుచేసి పంపుసెట్టు గదిలో బిగించాడు. ఇంట్లో కూర్చుని ఫోనులో నొక్కితే చాలు, మైలు దూరాన మోటారు తిరుగుతుంది. ఆదికేశవులుకు నడక తప్పింది. నలభై రోజులు తప్పింది. నలభై ఒకటో రోజున పెట్టెలోకి బల్లి దూరింది. లోపల ఏదో కాలింది. బల్లీ పోయింది.

ఈలోగా ఆ నలభై రోజుల గురించి మాట్లాడమని హర్షవర్ధన్‌కు పిలుపు వచ్చింది. అక్కడ విన్నవాళ్ళు ఇంకోచోటికి పిలిచారు. కోయంబత్తూరు, పుణె, కొచ్చి, జైపూరు. ప్రతిచోటా తెర మీద ఆదికేశవులు ఫొటో. నులకమంచం మీద కాళ్ళు చాపుకుని, చేతిలో ఫోనుతో. "మా మామ పొలానికి నడిచి ఏడాదయింది" అనగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. సరిగ్గా ఆ వేళకు మామ మోకాలు పట్టుకుని గట్టు మీద నడుస్తూ ఉండేవాడు.

"పెట్టె ఎప్పుడు చూస్తావురా?"

"వచ్చే వారం మామా. ఈ వారం కొచ్చిలో టాకు ఉండాది."

"దేన్ని గురించి?"

"పెట్టెను గురించే."

ఇందులో తప్పేముంది, మీరే చెప్పండి? బాగుచేస్తే ఒక్క పెట్టె బాగవుతుంది. మాట్లాడితే వెయ్యిమంది బాగుపడతారు!

చివరకు తిరువళ్ళూరులోనే ఒక కాలేజీలో కాన్ఫరెన్సు పెట్టారు. నిజమైన రైతును తీసుకురమ్మన్నారు. మోటారును లైవులో తిప్పి చూపించమన్నారు. ముందురోజు హర్షవర్ధన్ పల్లెకు పరుగెత్తుకొచ్చాడు. మామకు కొత్త చొక్కా తెచ్చాడు. పెట్టెకు కావలసిన పార్టు ఇంట్లో మరిచిపోయాడు.

అత్త తులసమ్మకు జాలేసింది. "అంత ముఖం ఏలాడేసుకోవాలా? నువ్వు ఆడ ఫోను నొక్కు. నేను ఈడ స్విచ్చి ఏస్తాను. ఎవురికి తెలుస్తాది?"

ఒక కాన్ఫరెన్సు తాడుతో ఫోనును పంపుసెట్టు దగ్గరి స్తంభానికి కట్టారు. హాల్లో మాటలు తులసమ్మకు వినిపిస్తాయి, హాల్లోవాళ్ళకు వీడియోలో పైపు మూతి మాత్రమే కనబడుతుంది.

మర్నాడు హాలు నిండింది. హర్షవర్ధన్ నొక్కాడు. తెర మీద నీళ్ళు దూకాయి. చప్పట్లు. ఇప్పుడు ఆపుతున్నానని చెప్పి నొక్కాడు. నీళ్ళు ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. తెరలోంచి గొంతు వచ్చింది.

"ఉండబ్బా. ఇంకా రెండు సాళ్ళకు తడి అందలా. అయినంక నేనే ఆపుతాను."

హర్షవర్ధన్ ఫోను నొక్కుతూనే ఉన్నాడు. ముందు వరసలో కోటు వేసుకున్న ఒకాయన లేచాడు.

"నేల తడి చూసి తనే నిర్ణయం తీసుకుంటోందా? అదీ తెలుగులో చెబుతోందా? దీని పేరేమిటి?"

రోజుకు పది మాటలు దాటని ఆదికేశవులు మైకు అందుకున్నాడు.

"తులసమ్మ."

"ఎన్నాళ్ళుగా పనిచేస్తోంది?"

"నలబై ఏండ్లు."

జనం నవ్వారు. పెద్దాయన హాస్యప్రియుడనుకున్నారు.

"ఎప్పుడైనా ఆగిపోయిందా?"

"అలిగినప్పుడు."

"వెయ్యి ఊళ్ళకు ఇవ్వగలరా?"

"ఒకటే ఉండాది."

ఆ రోజు మొదటి బహుమతి వాళ్ళదే. బహుమతి ఒక సంచి. బెంగళూరులో 'తులసమ్మ' అనే అంశం మీద మాట్లాడమని హర్షవర్ధన్‌కు అక్కడికక్కడే పిలుపు కూడా వచ్చింది.

సంగతి విన్న తులసమ్మ తేల్చేసింది. "అయితే ఇంక వాడికి పెట్టె బాగుచేసే పనే లేదు. నేనుండాను కదా. మనం ఆ గట్టు మీదే నడస్తా చచ్చిపోవాల."

ఆ వారమే ఆమె తిరుత్తణికి వెళ్ళి ఫ్లెక్సీ వేయించింది. 'అఖిల భారత పంపుసెట్టు సదస్సు. ముఖ్య వక్త: హర్షవర్ధన్. అంశం: పెట్టె, లైవులో.' ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. ఏడాదిన్నరగా వచ్చే వారం, వచ్చే వారం అంటున్నవాడు అరగంటలో జవాబిచ్చాడు. తప్పకుండా వస్తాడట.

ఆదివారం పది గంటలకు పంపుసెట్టు గది దగ్గర ల్యాప్‌టాప్‌తో దిగాడు. సభలో మామ, అత్త, దూడ ఉన్నారు. తులసమ్మ దూడ మెడలోని తాడు విప్పి వాడి మెడలో వేసింది.

"తెర యాడ అత్తా?"

"అదో, ఆ పెట్టే. పార్టు తెచ్చినావా?"

"లైవని ఏసినారు కదా. తెచ్చినాను."

ఇరవై నిమిషాల్లో పెట్టె బాగయింది. ఇంట్లోంచి నొక్కితే మోటారు తిరిగింది. ప్రశ్నలకు పది నిమిషాలు కేటాయించారు. వచ్చింది ఒకటే ప్రశ్న. ఆదికేశవులు అడిగాడు.

"ఇంతేనా?"

ముఖ్య వక్త ల్యాప్‌టాప్ మూసి భోజనానికి లేచాడు. భోజనం చాలా బాగుందన్నాడు.

కాబట్టి పాఠకులారా, మీ వీధి కుళాయి రాకపోయినా, మీ ఊరి బస్సు ఆగిపోయినా అర్జీలు రాయకండి. ఒక ఫ్లెక్సీ వేయించి, సంబంధించిన వారిని ముఖ్య వక్తగా పిలవండి. మెడలో వేయడానికి తాడు కావాలంటే ఆదికేశవులు దగ్గర ఇంకా పదిహేడు ఉన్నాయి, ఊరికే ఇస్తాడు.

దూడ మెడకు తిరిగొచ్చిన 'స్పీకర్' తాడు మాత్రం అడగకండి. పంపుసెట్టు గదిలో బల్లులు ఇంకా ఉన్నాయి.