ముదురు కాఫీ రంగు తుపాకి

తుపాకిలో ప్రమాదమంతా గొట్టంలోనే ఉంటుందని నమ్మే అమాయకులు లోకంలో ఇంకా ఉన్నారు. అసలు ప్రమాదం వెనక కొయ్య రంగులో ఉందని కనిపెట్టిన ఘనత మన పావగడ తాలూకాది. అందుకోసమే తాలూకా కచేరీలో ఆయుధ వర్ణ నిర్ధారణ విభాగం వెలిసింది. (విభాగమంటే ఒక గది, ఒక బీరువా, నందీష్ అనే అధికారి. బీరువా తాళం పై అధికారి దగ్గర ఉంటుంది.)

ఈ విభాగానికి చిక్కిన మొదటి ముద్దాయి బలసముద్రం రామాంజినప్ప ఒంటి గొట్టం తుపాకి. సోలార్ పార్కు కంచె పక్కనే ఆయనకు మూడెకరాల వేరుశనగ ఉంది. ప్యానెళ్ల నీడన కాపురం పెట్టిన అడవిపందులు కాయ ఊరే వేళకు చేలో పడతాయి. గాలిలోకి ఒక్క దెబ్బ పేలిస్తే వారం రోజులు ఇటు తొంగిచూడవు. పంట రక్షణ కోసమే తండ్రి కాలంలో ఇచ్చిన లైసెన్సు అది. అందులో "వాల్‌నట్ కొయ్య, రంగు ముదురు కాఫీ" అని స్పష్టంగా రాసి ఉంది.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలి కదా. అప్పగించే ముందు ఉప్పుకాగితంతో పాత పొర గీకి, కొత్త రంగు పట్టించడం ఆ ఇంటి ఆచారం. పొరుగున ఉండే దొడ్డమ్మ తంగేడు చెక్క, కరక్కాయ ఉడకబెట్టి కషాయం తీసిస్తుంది. గొర్రెలు మేపిన రోజుల్లో తోళ్లు పదును చేసిన చెయ్యి ఆమెది. ఎప్పుడూ బోరు నీళ్లతోనే కాచేది. ఈసారి రామాంజినప్ప, సర్కారు చేతిలో పెట్టే వస్తువు కదా అని గౌరవం కొద్దీ, నాణెం వేస్తే వచ్చే శుద్ధ నీళ్లు ఒక క్యాను తెచ్చి ఇచ్చాడు. బోరు నీళ్లలోని ఇనుమే ఇన్నేళ్లూ ఆ కొయ్యను నల్లబరిచిందని పాపం ఆయనకేం తెలుసు! శుద్ధ నీళ్లకు కొయ్య లేత బెల్లం రంగు తిరిగింది.

ఎన్నికలు ముగిశాయి. తుపాకి మాత్రం ఓడిపోయింది: తిరిగి ఇవ్వకుండా, రంగు తేడా ఉందని స్టేషను వాళ్లు దాన్ని కచేరీకి పంపారు.

"నంబరు సరిగ్గా ఉండాది కదా సార్?" అన్నాడు రామాంజినప్ప.

"నంబరు ఇంకో సెక్షనప్పా. నాది రంగు. కాఫీ అని రాసినారు, ఇది చూస్తే టీ మాదిరి ఉండాది. ఇది నీ తుపాకి కాదు," అన్నాడు నందీష్.

"మరి ఎవురిది సార్?"

"అదే విచారణ చేస్తా ఉండాము."

పరిష్కారం లేకపోలేదు. రంగు సరిచేస్తే తుపాకి ఇస్తారు. తుపాకి చేతికిస్తే గాని రంగు సరిచేయలేరు. (ఈ రెండు నిబంధనల మధ్య ప్రయాణం పదకొండు రోజులు.) చివరికి అధికారి సమక్షంలో కచేరీ వరండాలోనే రంగు వేయడానికి అనుమతి వచ్చింది. దొడ్డమ్మ కషాయం కుండతో, బోరు నీళ్ల బిందెతో దిగింది.

నందీష్ బిందెను ఆపాడు. ఆ నీళ్లు వాడరాదని బోరు మీద సర్కారే ఎర్ర అక్షరాలతో రాయించింది. కాబట్టి అవి రంగుకు చాలినంత చెడ్డవేనని నీటి విభాగం పత్రం ఇవ్వాలన్నాడు. నీటి విభాగం వారు రికార్డు తిరగేసి, శుద్ధ నీటి కేంద్రం తెరిచిన రోజు నుంచి బలసముద్రంలో చెడ్డ నీళ్లే లేవన్నారు. పత్రం మాత్రం ఇచ్చారు, నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని.

ఇంతలో రామాంజినప్ప భార్య రామలక్ష్మమ్మ చేలో ఇత్తడి తట్ట వాయిస్తూ కాపలా కాసింది. మొదటి వారం పందులు పారిపోయాయి. రెండో వారం నిలబడి విన్నాయి. మూడో వారం ఆమె, పందులు పెకలించిన వేరుశనగ చెట్లు ఒక మోపు తెచ్చి నందీష్ బల్ల మీద పడేసింది.

"చూడప్పా, ఈ చెట్లకి కాయ ఒగటి మిగల్లేదు! సగం చేను తవ్వేసినాయి. బిడ్డ మాదిరి సాకినాము. తట్ట కొట్టి కొట్టి చేతులు పడిపోయినాయి. ఆ కాఫీ, టీ మీరే తాగండి, మా తుపాకి మాకియ్యండి!" అని భోరున ఏడ్చింది.

నందీష్ చలించిపోయాడు. వెంటనే ఆ మోపుకు ముద్ర వేసి ఫైలుకు కట్టించాడు.

దొడ్డమ్మకు ఓపిక నశించింది. "ఇంతోటి దానికి ఇంత రచ్చ ఏందప్పా?" అని, వరండాలోని విరిగిన కుర్చీ నుంచి తుప్పు మేకులు నాలుగు పీకి కషాయంలో వేసి, కొయ్యకు పట్టించింది. రెండు రోజులకు కొయ్య కాటుక తగిలినట్టు ముదిరింది. (మేకుల మీద వేరే ఫైలు తెరిచారు.) నందీష్ ఒక కప్పు కాఫీ తెప్పించి కొయ్య పక్కన పెట్టి చూశాడు. పాలు ఎక్కువయ్యాయని తిప్పి పంపాడు. రెండో కప్పుకు సరిపోయింది.

"అయితే ఇస్తారా సార్?"

"ఇస్తామప్పా. స్థల మహజరు ఒగటే బాకీ. చేను చూసి రాసుకోవాల కదా."

మరుసటి వారం నందీష్ జీపు దిగేసరికి చేనులో గుంతలు తప్ప ఏమీ లేదు. రామాంజినప్ప గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. రామలక్ష్మమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. నందీష్ నిజాయితీపరుడు. గుంతలు టేపుతో కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాసి, చదివి వినిపించి, రామాంజినప్ప చేత సంతకం పెట్టించుకున్నాడు:

"కొయ్య రంగు సరిపోయినది. లైసెన్సు రద్దుకు సిఫారసు చేయడమైనది. కారణం: స్థలంలో పంట ఏదీ లేనందున, దానికి పందుల వల్ల ఎటువంటి ముప్పూ లేదు."